చేనేత అని చెప్పి 13 కుర్తీలు అమ్మేశాను, అది మరమగ్గం బట్ట అని ఇప్పుడు తేలింది. ఏం చేయాలి?

నూలుబుట్ట | విజయవాడ | సోమవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. రెండున్నరేళ్లుగా చిన్న బట్టల బ్రాండ్ నడుపుతున్నాను, పేరు ఇప్పుడు వద్దు, ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది. మంగళగిరి కాటన్‌తో కుర్తీలు, మగవాళ్ల చొక్కాలు. నేను, ఇంటి వెనక షెడ్డులో కుట్టే ఇద్దరు ఆడవాళ్లు, ఒక పాత ఓవర్‌లాక్ మిషను, అంతే మా కంపెనీ. ప్రతి కుర్తీకీ ఒక చిన్న అట్ట కడతాను, "గుంట మగ్గం మీద చేతితో నేసిన బట్ట" అని (గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేది).

నాకు రెగ్యులర్‌గా బట్ట ఇచ్చే పెద్దాయన మంగళగిరిలో ఆరు మగ్గాలు ఆడిస్తారు. శ్రావణం ఆర్డర్లు ఒక్కసారిగా పడేసరికి నెమలికంఠం రంగు కావాలని ఆయన్ని అడిగితే "పడుగే (నిలువు పోగులే) ఇంకా మగ్గం ఎక్కలేదమ్మా, నెల పడుతుంది" అన్నారు. నాకు టెన్షన్. వేరే షాపులో అదే రంగు, అదే నిజాం బార్డరు, 46 మీటర్లు రెడీగా ఉందంటే వెళ్లి తెచ్చేసుకున్నాను. మీటరుకు 40 రూపాయలు తక్కువ కూడా. ఎందుకు తక్కువ అని అడగలేదు.

19 కుర్తీలు కోశాం. 13 అమ్ముడుపోయాయి, ఒక్కోటి 1850. నిన్న మిగతావాటికి బొత్తాలు కుడుతూ మా టైలరక్క "ఈ బట్ట కోసేటప్పుడే అనుకున్నా, కత్తెర కింద జారిపోతోంది, మనం కోసే బట్ట ఇలా జారదు" అంది. అప్పుడు వెలిగింది. నాకెప్పుడూ పది పన్నెండు మీటర్ల ముక్కలుగా వస్తుంది, ఇది 46 మీటర్లూ ఒకే ముక్క. ఎక్కడా ఒక ముడి లేదు, ఒక పోగు తెగి అతికిన చోటు లేదు. మిగిలిన పీలిక పట్టుకుని ఈ పొద్దున మంగళగిరి వెళ్లాను. పెద్దాయన వెలుగుకు పెట్టి చూసి, అంచు వేలితో తడిమి, "ఇది చేత్తో దిగింది కాదులే" అని తిరిగిచ్చేశారు. తిట్టినా బాగుండేది.

13 మందికీ చెప్పాలా? చెబితే ఏమని చెప్పాలి?

కొత్తకుట్టు | వరంగల్ | సోమవారం రాత్రి 11:52

అక్కా, నిజం చెప్పాలంటే ఎవరికీ తెలియదు కదా. మీరు కావాలని చేసింది కాదు. మిగతా ఆరూ అట్ట తీసేసి అమ్మేయండి, 13 సంగతి వదిలేయండి. నేనూ వచ్చే ఏడాది ఇలాంటి బ్రాండే పెడదామనుకుంటున్నాను, అందుకే అడుగుతున్నా, కస్టమర్ చూసి కనిపెట్టగలరా అసలు?

సీతమ్మవాకిలి | కాకినాడ | మంగళవారం ఉదయం 6:05

కనిపెట్టలేం నాయనా. కనిపెట్టలేం కాబట్టే అట్ట చదివి కొంటాం. నేను 31 ఏళ్లు టీచరుగా చేసి రిటైరయ్యాను, పెన్షన్ డబ్బుతో నెలకో బట్ట కొంటాను, 1850 పెట్టి కుర్తీ కొన్నానంటే అందులో సగం బట్టకు, సగం ఆ మాటకు. ఆ మాట తప్పని తర్వాత ఎవరో చెబితే నాకెలా ఉంటుంది? అమ్మాయ్ నూలుబుట్టా, చెప్పెయ్. ఫోన్ చేసి చెప్పు, మెసేజ్ పెట్టకు.

మగ్గంగుంట | చౌటుప్పల్ దగ్గర ఊరు, ఉద్యోగం హైదరాబాద్ | మంగళవారం ఉదయం 9:40

చెప్పాలా వద్దా అన్నది చిన్న ప్రశ్న, చెప్పాల్సిందే. పెద్ద ప్రశ్న వేరే ఉంది, అది మీరు అడగలేదు మేడమ్. పెద్దాయన నెల అన్నారు. మీరు ఆగలేదు. ఎందుకు ఆగలేదు?

మా నాన్న, తాత నేసినవాళ్లే, ఇప్పుడు మా వదిన నేస్తది, నేను కంప్యూటర్ ముందు కూర్చుంటున్న. మా దిక్కు ఈ ఎథికల్ బ్రాండ్లు చాలామంది వస్తారు. ఫోటోలు తీసుకుంటరు, మగ్గం మీద కూర్చుని ఒకటి, వదినతో నిలబడి ఒకటి. ఆర్డర్ మాత్రం పండగకు 20 రోజుల ముందు పెడతరు. సాదా బట్ట అయినా ఒక మనిషి రోజుకు నాలుగు మీటర్లు, బాగా సాగితే ఐదు. దానికి ముందు నూలు తేవాలి, రంగు వేయాలి, ఆసు పోయాలి (పడుగు పోగులు సిద్ధం చేయాలి), గంజి పెట్టాలి, అచ్చులో పోగులు అతకాలి. ఇక్కత్ అయితే నూలుకు ముడులు కట్టి రంగులద్దే కట్టుడు పని వేరే. ఇవన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో "స్లో ఫ్యాషన్" అని అందంగా రాసుకుంటరు, ఆర్డర్ మాత్రం ఫాస్ట్‌గా కావాలి. మీ అసలు బట్టాయన నిజం చెప్పినందుకు ఆర్డర్ పోగొట్టుకున్నడు, షాపాయన అబద్ధం చెప్పి డబ్బు తీసుకున్నడు. మీ బ్రాండ్ ఎవరికి లాభం చేసింది ఈ నెల?

ఇంకోటి. బట్ట చేతికి అందిన ఎన్ని రోజులకు ఆయనకు డబ్బులిస్తరు?

నూలుబుట్ట | విజయవాడ | మంగళవారం మధ్యాహ్నం 1:15

అన్నా, గట్టిగా తగిలింది, కానీ తప్పేం అనలేదు మీరు. ముప్పై రోజులకు ఇస్తున్నాను. ఒకటి రెండుసార్లు నలభై అయింది. ఆయన ఎప్పుడూ అడగలేదు, అందుకే బాగానే ఉందనుకున్నాను.

ఎందుకు ఆగలేదంటారా, లెక్క పెడతాను చూడండి, ఎక్కడా దాచను. కుర్తీకి 2.4 మీటర్లు, మీటరు 310, అంటే 744. కుట్టుబడి 260. బొత్తాలు, దారం, లేబులు, అట్ట 45. ఒకసారి నీళ్లలో వేసి ఆరేసి ఇస్త్రీ చేయడానికి 35, ఇది మానేస్తే కస్టమర్ ఇంట్లో మొదటి ఉతుక్కే కుర్తీ పొట్టిదైపోతుంది, మొదటి ఏడాది నేర్చుకున్న పాఠం. ప్యాకింగ్, కొరియర్ 120. పేమెంట్ గేట్‌వే వాడు తీసుకునేది 40. జీఎస్టీ 88. మొత్తం 1332. మిగిలేది 518. అందులోంచి ఫోటోలు, కరెంటు, సైజు సరిపోలేదని వెనక్కి వచ్చేవి, అసలు అమ్ముడుపోనివి. నెల చివర ఒక్కో కుర్తీకి 150 చేతికి మిగిలితే ఆ నెల మంచి నెల. శ్రావణంలో అమ్మితేనే బాకీ పడ్డ ఆషాఢం అద్దె కట్టగలను. అందుకు ఆగలేదు.

మగ్గంగుంట | మంగళవారం మధ్యాహ్నం 1:50

లెక్క దాచకుండా పెట్టినందుకు థాంక్స్, చాలామంది పెట్టరు. ఆ 310లో నాడె వేసిన చేతికి, అంటే నేసినోళ్లకు, ఎంతపోతది?

నూలుబుట్ట | మంగళవారం మధ్యాహ్నం 2:30

ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను, ఇన్నాళ్లలో మొదటిసారి అడగడం, రాయడానికే సిగ్గుగా ఉంది. మీటరుకు 90 మజూరీ. మిగతాది నూలు, రంగు, జరీ, మగ్గం ఖర్చు, ఆయన లాభం.

మగ్గంగుంట | మంగళవారం మధ్యాహ్నం 2:41

అంటే రోజుకు నాలుగు వందల దాకా, మగ్గం ఆడిన రోజున. వాన పడి గుంటలోకి నీళ్లొస్తే సున్నా. కండెలు (నాడెలో పెట్టే నూలు చుట్టలు) చుట్టేది ఎవరు? ఇంట్లో అమ్మ, లేకపోతే భార్య. ఆమెకు మజూరీ వేరేగా ఉండదు, ఆ 90లోనే ఆమె కూడా. ప్రభుత్వం చేసిన 2019-20 చేనేత గణనలో 35 లక్షల మంది కార్మికులు తేలారు, అందులో 72 శాతం ఆడవాళ్లే. మూడింట రెండొంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5 వేల లోపు అని కూడా అందులోనే ఉంది. అట్ట మీద రాస్తే ఇది రాయండి.

అడ్మిన్ | మంగళవారం మధ్యాహ్నం 3:10

మధ్యలో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. షాపు పేరు చెప్పమని ఒత్తిడి చేయొద్దు. మనకు తెలిసింది ఒకవైపు కథే.

కరక్కాయ | పెడన దగ్గర | మంగళవారం సాయంత్రం 7:25

చేతి బట్టనా మిషను బట్టనా అని కనిపెట్టడం గురించి తమ్ముడు అడిగాడు, నాకు తెలిసింది చెబుతాను. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా ఒక కర్ర బిగిస్తారు, రెండు చివర్లా ముళ్లలాంటి సూదులుంటాయి, నేత సాగేకొద్దీ ముందుకు జరుపుతూ పోతారు. ఆ సూదుల చిల్లులు అంచు పక్కన చిన్న చిన్నగా వరసలో కనిపిస్తాయి. ఉతికితే కొన్ని పూడిపోతాయి, కాబట్టి కొత్త బట్టలోనే చూడాలి. రెండోది, పేక (అడ్డపోగు) ఒక చోట కాస్త ఒత్తుగా, ఒక చోట కాస్త పలచగా ఉంటుంది, మనిషి భోజనానికి లేచి వచ్చి మళ్లీ కూర్చున్న చోటు తెలిసిపోతుంది. అంచు చూసి మాత్రం మోసపోవద్దు. నాడెతో (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే పనిముట్టుతో) ఆడే మరమగ్గాల మీద కూడా అంచు చక్కగా మడిచే వస్తుంది. కుచ్చులా కోసినట్టు ఉంటే అది నాడె లేని కొత్త మిషన్లది, అంతే.

అయినా ఇవేవీ నూటికి నూరు కాదు. మగ్గం దగ్గరికి వెళ్లి, ఆ పడుగు ఆ మగ్గం మీద ఉండగా చూసి, దించిన రోజున తెచ్చుకోవడం ఒక్కటే గ్యారంటీ. మా కలంకారీలోనూ ఇదే గొడవ. టేకు దిమ్మెతో అద్దింది, స్క్రీన్ మీద కొట్టింది పక్కపక్కన పెట్టి రెండూ "పెడన కలంకారీ" అనే అమ్ముతున్నారు. దిమ్మె అద్దకమైతే ఒక దిమ్మెకు ఇంకో దిమ్మె కలిసే చోట వెంట్రుకవాసి తేడా ఎక్కడో ఒక చోట దొరుకుతుంది. దొరక్కపోతే అనుమానించండి. ఇది కొనేవాళ్లకు చెబితే "అయితే డ్యామేజీ కదా, తగ్గించు" అంటారు, అది వేరే బాధ.

కొత్తకుట్టు | వరంగల్ | మంగళవారం రాత్రి 9:00

చాలా నేర్చుకున్నాను అన్నా. నిన్న రాసింది వెనక్కి తీసుకుంటున్నాను టీచర్ గారూ. నా ప్లాన్ చెబుతాను, తిట్టండి. మా జిల్లా అంతా పత్తే కదా, మా ఊరి పత్తితో, సేంద్రియ పత్తి, సహజ రంగులు, ఖాదీ అని పేరులోనే వచ్చేలా బ్రాండ్. జీఓటీఎస్ (సేంద్రియ బట్టల అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ తీసుకుంటే ఫారిన్‌లో కూడా అమ్మొచ్చంటున్నారు.

లెక్కలమాస్టారు | గుంటూరు | మంగళవారం రాత్రి 10:15

బాబూ, ఒక్కొక్కటీ విడదీద్దాం.

ముందు పేరు. ఖాదీ అన్న మాట ఎవరు పడితే వారు బట్ట మీద రాసుకోకూడదు. చేత్తో వడికి చేత్తో నేసిందై ఉండాలి, ఆపైన ఖాదీ కమిషన్ సర్టిఫికెట్ ఉండాలి, 2013 నుంచి ఖాదీ మార్క్ నిబంధనలు ఉన్నాయి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, వడికి, నేస్తున్నారే, అది ఖాదీ. మిల్లు నూలుతో మగ్గం మీద నేసింది చేనేత. ఈ రెండూ కలిపేస్తే బ్రాండ్ పేరు మార్చుకోవడానికే మళ్లీ డబ్బులు తగలేయాలి, నా క్లయింటు ఒకాయన బోర్డులు, సంచులు, లేబుళ్లు అన్నీ మార్చుకున్నాడు.

జీఓటీఎస్ అంటే నువ్వొక్కడివి తీసుకునేది కాదు. జిన్నింగ్ దగ్గర నుంచి నూలు, నేత, రంగు, కుట్టు దాకా గొలుసులో ఉన్న ప్రతి యూనిట్‌కూ ఉండాలి, సరుకు చేతులు మారినప్పుడల్లా లావాదేవీ సర్టిఫికెట్ రావాలి. పది మగ్గాల వాళ్లతో అది ఎలా నడుస్తుంది? పైగా 2020లో మన దేశంలోనే నకిలీ సేంద్రియ పత్తి సర్టిఫికెట్ల మోసాన్ని జీఓటీఎస్ వాళ్లే బయటపెట్టి కొన్ని కంపెనీలను నిషేధించారు. కాగితం ఉంటే పత్తి మారిపోదు.

ఇక సస్టైనబుల్, గ్రీన్, ఎకో అనే మాటలు. 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది, ఉత్తినే గ్రీన్ అని రాస్తే కుదరదు, దేని వల్ల గ్రీన్ అన్నావో ఆధారం చూపించాలి. చిన్నవాళ్లను ఎవరు పట్టించుకుంటారులే అనుకోకు. పోటీవాడు ఒక్క ఫిర్యాదు పెడితే చాలు.

నూలుబుట్ట గారూ, మీకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కుట్టిన బట్టకు 2500 దాకా 5 శాతం, దాటితే 18. అంతకుముందు గీత వెయ్యి దగ్గర ఉండేది. మీ చొక్కాలూ కుర్తీలూ అన్నీ 2500 లోపే ఉంటే బాధ లేదు, లైనింగ్ వేసి 2690 పెట్టేవాళ్లే ఇరుక్కున్నారు. చీర జోలికి ఈ గీత రాదు, అది బట్ట కిందే లెక్క.

నూలుబుట్ట | బుధవారం ఉదయం 7:45

మాస్టారూ, ఒక డౌటు. రెండు బొటీక్‌లలో నా సరుకు పెట్టాను, అమ్మాక ఇస్తామంటారు, ఒకరైతే నాలుగు నెలలైంది. నేను పెద్దాయనకు ముప్పై రోజులు చేస్తున్నాను సరే, నాకు 120 రోజులు చేసేవాళ్లను ఏం చేయను?

లెక్కలమాస్టారు | గుంటూరు | బుధవారం ఉదయం 8:30

అమ్మాక ఇస్తాం అని సరుకు పెట్టుకుంటే అది మీ సరుకే, వాళ్లు కొన్నట్టు కాదు. బిల్లు వేసి అమ్మండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వ నమోదు) ఉందా? మీరు తయారీదారు, వ్యాపారమూ చిన్నదే, కాబట్టి సూక్ష్మ సంస్థ కింద వస్తారు, ఒప్పందం రాసుకుంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, రాసుకోకపోతే 15 రోజుల్లో వాళ్లు చెల్లించాలి. చెల్లించకపోతే ఆదాయపు పన్నులో ఆ ఖర్చును ఆ ఏడాది చూపించుకోలేరు, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) అని 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధన అది. ఆ నిబంధన సంగతి బిల్లు కింద అచ్చు వేయించండి. వాళ్ల ఆడిటరే వాళ్లను తిడతాడు, మీరు తిట్టక్కర్లేదు.

నేత పనివాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది, వాళ్లు ఉద్యమ్‌లో ఉంటే. మీరే రిజిస్టర్ చేయించి పెట్టండి, ఫీజు లేదు. ఆ తర్వాత మీ ముప్పై రోజుల సంగతి మీరే ఆలోచించుకోండి.

కరక్కాయ | పెడన దగ్గర | బుధవారం ఉదయం 11:10

సహజ రంగుల మీద కూడా తమ్ముడికి ఒక మాట. సహజం అంటే నీళ్లు తక్కువ అనుకుంటారు. మా దగ్గర బట్టను ముందు గంజి పోయేదాకా ఉతకాలి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టాలి, నలుపుకు ఇనుప తుక్కు, బెల్లం వారాల తరబడి నానబెట్టిన నీళ్లతో అద్దాలి, ఎరుపు రావాల్సిన చోట పటిక అద్ది, మళ్లీ పారే నీళ్లలో ఉతికి, ఆపైన రాగి డేగిశాలో ఉడకబెట్టాలి. పసుపు కావాలంటే దానిమ్మ తొక్క. ఒక్క దుప్పటి చేతికొచ్చేలోపు ఎన్నిసార్లు నీళ్లలో పడుతుందో లెక్కపెట్టండి. కట్టెలు ఎన్ని కాలుతాయో కూడా. ఎరుపుకు చాలా చోట్ల వాడే అలిజరిన్ ఫ్యాక్టరీలో చేసిందే, వేరు లోంచి తీసింది కాదు, అది దాచి వంద శాతం సహజం అని రాసేవాళ్లున్నారు. నేను నా గిరాకీలకు చెప్పేస్తాను. కొందరు పోతారు, చెప్పినందుకే ఉండిపోయిన వాళ్లూ ఉన్నారు.

నీలిమందు అయితే రుద్దితే కొద్దిగా చేతికి అంటుతుంది, అది లోపం కాదు, దాని తీరే అంత. కానీ తెల్ల ప్యాంటు మీద వేసుకునే కుర్తీకి ఆ సంగతి ముందే చెప్పకపోతే మాత్రం లోపం మనదే.

డాలస్‌దుప్పటి | టెక్సాస్ | బుధవారం రాత్రి (మీకు గురువారం పొద్దున)

ఈ థ్రెడ్ మా ఆవిడ పంపింది. ఇక్కడి తెలుగువాళ్లకు ఊరి నుంచి దుప్పట్లు, కుర్తాలు తెప్పించి అమ్మేవాళ్లం, వీకెండ్ వ్యాపారం. ఫారిన్‌లో అమ్ముతానన్న తమ్ముడికి ఒక హెచ్చరిక. 800 డాలర్ల లోపు పార్సిల్‌కు సుంకం లేకుండా వచ్చేది, 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు తీసేశారు. ఒక్కో కుర్తా ఒక్కో ఇంటికి నేరుగా పంపే లెక్కలన్నీ ఆ రోజుతో తారుమారయ్యాయి. మేమైతే ఆపేశాం. మిగిలిన పదహారు దుప్పట్లు గరాజులో ఉన్నాయి, ఎవరి గృహప్రవేశమైనా అవే గిఫ్టు.

కొత్తకుట్టు | వరంగల్ | గురువారం ఉదయం 10:05

అయితే సేంద్రియం వద్దు, ఖాదీ వద్దు, ఫారిన్ వద్దు, గ్రీన్ వద్దు. మా ఊరి పత్తి అయినా ఉంచుతారా? :)

మగ్గంగుంట | గురువారం ఉదయం 10:30

దాని కథ ఇంకా బాగుంటది. మీ ఊరి పత్తి జిన్నింగ్‌లో గింజ తీసి, రాయిలా బిగించిన బేలుగా మిల్లుకు పోతది, అక్కడ పది ఊళ్ల పత్తితో కలుస్తది, మళ్లీ నూలు చిలపలుగా మన దగ్గరికి వస్తది. అందులో మీ ఊరి పోగు ఏదో మిల్లు ఓనరుకు కూడా తెలవదు. ఆ బేలు బిగించుడే వద్దు, పత్తి పండే చోటే చిన్న యూనిట్లలో వడుకుదాం అని మన దగ్గర పుట్టిందే మల్ఖా. పోయి చూసి రా, బట్ట పట్టుకుంటేనే తేడా తెలుస్తది. అది కూడా ఎంత కష్టంగా నడుస్తదో అడిగి తెలుసుకో. ఇంక విత్తనం సంగతంటవా, మన దగ్గర పత్తి ఇప్పుడు దాదాపు అంతా బీటీనే (జన్యువులు మార్చిన విత్తనం, సేంద్రియానికి చెల్లదు), 2002లో దానికి అనుమతి వచ్చింది. కాబట్టి సేంద్రియం అన్న మాట అంత అలవోకగా రాయకు.

పెట్టొద్దని చెప్తలేను తమ్మీ. చిన్నగా పెట్టు. ఒక మగ్గం, ఒక రంగు.

సీతమ్మవాకిలి | కాకినాడ | గురువారం మధ్యాహ్నం 12:40

కత్తిరింపు ముక్కలు ఏం చేస్తున్నారమ్మాయ్? ఈ మధ్య జీరో వేస్ట్ అని చిన్న పౌచీలు చేసి 400కి అమ్ముతున్నారు, నా దగ్గర ఆరున్నాయి, దేనికీ పనికిరావు. ఆ ముక్కలు బొంతకిస్తే చక్కగా పనికొస్తాయి. మా వీధిలో బొంతలు కుట్టే ఆవిడకు బట్ట దొరకడం లేదట, అందరి ఇళ్లలోనూ పాలిస్టరే, నూలు చీర పాతబడి ఎవరింట్లో ఉంది గనక అంటుంది.

నూలుబుట్ట | గురువారం రాత్రి 10:20

టీచర్ గారూ, రెండు బస్తాలున్నాయి షెడ్డులో, అడ్రసు మెసేజ్ చేయండి. పౌచీలు నేనూ చేశాను, ఒప్పుకుంటున్నాను :(

నూలుబుట్ట | విజయవాడ | మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:30

ఏమైందో చెప్పకుండా వదిలేస్తే బాగుండదని రాస్తున్నాను.

13 మందికీ ఫోన్ చేశాను. మొదటి కాల్ చేయడానికి ముందు మేడ మీద అరగంట తిరిగాను. చెప్పింది ఇంతే, "మీరు కొన్న కుర్తీ బట్ట చేనేత అని రాశాను, కాదని తర్వాత తెలిసింది, తప్పు నాదే, వెనక్కి పంపితే మొత్తం ఇస్తాను, ఉంచుకుంటే 500 ఇస్తాను." నలుగురు వెనక్కి పంపారు. ఏడుగురు ఉంచుకున్నారు, అందులో ఒకావిడ "500 వద్దు, ఈసారి అసలుది వచ్చినప్పుడు చెప్పు" అంది, అయినా పంపాను. ఇద్దరు ఫోనే ఎత్తలేదు, మెసేజ్ పెట్టి వదిలేశాను. 7400 ఒకటి, 3500 ఒకటి, మొత్తం 10,900 పోయింది. కొరియర్ వేరే. అందరూ మెచ్చుకున్నారేమో అనుకునేరు, లేదు. వెనక్కి పంపిన ఒకమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో స్క్రీన్‌షాట్ పెట్టి "ఈ హ్యాండ్లూమ్ బ్రాండ్లన్నీ ఇంతే" అని రాసింది. దాని కింద 60 దాకా కామెంట్లు, చదవడం ఆపేశాను. ఆ వారం ఒక్క ఆర్డరూ రాలేదు.

మిగిలిన ఆరు, తిరిగొచ్చిన నాలుగు, మొత్తం పది కుర్తీలూ మరమగ్గం బట్ట అని రాసి 1200కి పెట్టాను. రెండు రోజుల్లో అయిపోయాయి. అంటే చాలామందికి కావాల్సింది రంగూ కుట్టూ, అంతే. అది తెలిసి సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు. అదే చేసుకుంటే లాభం ఎక్కువ కదా అని మా ఆయన రోజూ అంటున్నారు. నిజమే, ఎక్కువే.

షాపాయన దగ్గరికీ వెళ్లాను. "నేను చేనేత అన్నానా, మంగళగిరి అన్నాను, మీరే అనుకున్నారు" అన్నాడు. బిల్లు తీసి చూస్తే నిజంగానే కాటన్ ఫ్యాబ్రిక్ అని మాత్రమే ఉంది. కాబట్టి ఇప్పుడు నేను బట్ట తెచ్చుకునే ప్రతి చోటా బిల్లు మీద చేనేత అన్న మాట రాయించుకుంటున్నాను, రాయనంటే వదిలేస్తున్నాను.

పెద్దాయన దగ్గరకు వెళ్లి సంక్రాంతికి కావాల్సిన బట్ట ఇప్పుడే చెప్పాను, మూడు రంగులే, సగం డబ్బు ముందే ఇచ్చాను. ఆ డబ్బు ఎక్కడిదని అడగకండి, గొలుసు ఇంకా ఇంట్లోనే ఉంది, అంతవరకు చెప్పగలను. మిగతా సగం బట్ట అందిన రోజున. ఆయన నోట్లు లెక్కపెట్టి, ఇంట్లోకి పిలిచి, "ఈ వానలకు రెండు మగ్గాల గుంటల్లోకి నీళ్లొచ్చాయి, నాలుగే ఆడుతున్నాయి, వారం లేటైతే ఏమనుకోకు" అన్నారు. ఏమనుకోనన్నాను. అయినా ఇంటికొచ్చి క్యాలెండర్ చూసి గుండె దడే.

అట్ట మార్చాను. గుంట మగ్గం, పవిత్రం, సంప్రదాయం అన్నీ తీసేసి "మంగళగిరిలో ఫలానా నెలలో మగ్గం మీంచి దిగిన బట్ట, మీటరుకు నేత మజూరీ ఇంత" అని రాశాను. మజూరీ మీటరుకు 90 నుంచి 105 చేయించాను, ఆ 15 నేను ఆయనకిచ్చే ధరలో కలిపాను, అందుకే కుర్తీ ధర 1890 అయింది. 40 రూపాయలకే ఇద్దరు అడిగారు ఎందుకు పెంచారని, అట్ట ఫోటో పంపాను. ఒకరు కొన్నారు.

మగ్గంగుంట | ఆదివారం రాత్రి 8:15

ఫోన్ చేయడం మంచి పని. 105 కూడా. కండెల వాళ్లకు ఎంత అని కూడా ఒకరోజు అడగండి, తొందరేం లేదు.

పెద్దాయనకు రెండు మగ్గాలు ఆగినయి అన్నరు కదా, నాలుగో రంగు కావాలంటే మా వదిన సాదా నేత కూడా నేస్తది, 60 నంబరు నూలు, నెలకు 70, 80 మీటర్లు వస్తది. ధర నేను చెప్పను, ఆమెనే అడగాలె. హైదరాబాద్ బస్సెక్కి చౌటుప్పల్‌లో దిగండి, అక్కడికి నేను బండి మీద వస్త. నేను ఊర్లో ఉండేది శని, ఆదివారాలే.

నూలుబుట్ట | ఆదివారం రాత్రి 8:40

వచ్చే శనివారం వస్తాను అన్నా. ఫోటోలు తీయనులెండి.

మగ్గంగుంట | ఆదివారం రాత్రి 8:44

మా వదినకు ఫోటో అంటే ఇష్టమే. అడిగి తీయండి, తీసినంక ఆమెకు పంపండి, ఇప్పటిదాక ఒక్కలు పంపలే.